వానకో దారి... మురుగుకో దారి

గంట వానకు వీధి ఏరవుతోంది. ఆ నీటికి దారి దొరక్క మ్యాన్‌హోల్ మూతలు లేస్తున్నాయి. మూత కింద ఒక్కటైన వాన, మురుగు వాగుల్లోకి, నదుల్లోకి చేరి తిరిగి మన కుళాయి దాకా వస్తున్నాయి. గుంటూరు, ఒంగోలు వీధుల నుంచి మూసీ, కృష్ణ కలిసే వాడపల్లి దాకా ఆ నీటి వెంట నడిచి చూస్తే...

వాన మొదలై ఇరవై నిమిషాలు కాలేదు. కంకరగుంట రైల్వే వంతెన కింద ఆటో ఒకటి ముందు చక్రం మునిగేదాకా వెళ్లి ఆగిపోయింది. డ్రైవరు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి నీళ్లలోకి దిగాడు. వెనక బైకులవాళ్లు బండి తిప్పుకోవాలా, ధైర్యం చేయాలా అని తేల్చుకోలేక నిలబడ్డారు. గుంటూరులో గట్టి వాన పడిందో లేదో తెలియడానికి టీవీ పెట్టక్కర్లేదు. ఈ వంతెన కిందికి తొంగిచూస్తే చాలు.

సరిగ్గా అదే సమయానికి, భూగర్భ డ్రైనేజీ ఉన్న ఏదో ఒక వీధిలో ఇంకో తతంగం నడుస్తుంటుంది. మోకాటి లోతు నీళ్లలో నలుగురు కుర్రాళ్లు కాళ్లతో తడుముతూ వెతుకుతుంటారు. ‘‘ఇంకాస్త అటు జరగరా, కరెంటు స్తంభానికి ఎదురుగా ఉండాలి!’’ అని అరుగు మీంచి పెద్దాయన కేక. గడ్డపార మొన ఇనుప మూత కన్నంలో దూరుతుంది. ముగ్గురు కలిసి ఒత్తితే మూత పక్కకు జరుగుతుంది. గుడగుడమంటూ సుడి తిరుగుతూ నీళ్లు లోపలికి దూకుతాయి. పావుగంటలో వీధి తేలుతుంది. కుర్రాళ్లకు ఎవరో టీ పోయిస్తారు.

అక్కడికి రెండు వీధుల అవతల, పల్లంలో ఉన్న ఇంట్లో సరిగ్గా ఆ పావుగంటలోనే బాత్‌రూమ్ జాలీలోంచి నల్లటి నీళ్లు బుడగలు బుడగలుగా పైకి వస్తాయి. ఇంటావిడ జాలీ మీద పాత గోనెసంచి కుక్కి, దాని మీద పొత్రం తెచ్చి పెడుతుంది. నీళ్లు పక్కనుంచి వస్తాయి.

ఆ కుర్రాళ్లను తప్పు పట్టలేం. గుమ్మం దాకా నీళ్లొస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ మూత లేచిన క్షణం నుంచి ఆ పేటలో వాననీరు వేరు, మురుగునీరు వేరు అన్న మాట చెల్లదు. మురుగు కోసం వేసిన సన్నటి గొట్టం మీద ఆకాశం పడింది. గొట్టం పట్టలేనిది ఎక్కడో ఒకచోట కక్కాలి. పల్లపు ఇంట్లోనో, వాగులోనో, నదిలోనో!

గుంటల ఊరు

గుంటూరుకు పాతపేరు గర్తపురి. గర్తం అంటే గుంట. ఊరి పేరులోనే నీళ్లు నిలిచే చోటు ఉంది. పేటల పేర్లు చూడండి... కంకరగుంట, సంగడిగుంట, నల్లచెరువు. ఇవి ఎవరో ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు కావు. వాన పడితే నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసి జనం పిలుచుకున్న పేర్లు. ఇప్పుడు అక్కడ గుంట కనిపించదు, చెరువూ కనిపించదు. వాన కురిసిన రోజు మాత్రం నీళ్లు పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చేస్తాయి. కంకరగుంట వంతెన కింద ఆగింది ఆ నీళ్లే.

గుంటల్ని కలుపుతూ డొంకలుండేవి. డొంక అంటే ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. పొలాల మధ్య బళ్లు తిరిగి తిరిగి లోతుపడిన బాట. వేసవిలో అది దారి, వానాకాలంలో అదే కాలువ. ఆకాశానికీ పొలానికీ మధ్య ఉన్న ఈ ఒప్పందాన్ని ఊరు పెరుగుతూ మరిచిపోయింది. డొంకలు తారురోడ్లయ్యాయి, రోడ్లు ఇళ్లకంటే ఎత్తయ్యాయి. 1866లో మున్సిపాలిటీ అయిన గుంటూరు 1994లో కార్పొరేషన్ అయింది. 2012లో చుట్టుపక్కల పది పంచాయతీలూ వచ్చి కలిశాయి. ఊరు పెరిగినంతగా నీటి దారులు పెరగలేదు సరికదా, ఉన్నవి తగ్గాయి.

గుంటూరుకు నది లేదు. కృష్ణ ఉత్తరాన దూరంగా పోతుంది. ఊళ్లో వాననీటికి పెద్ద దిక్కు పీకలవాగు. ఒకప్పటి ఈ వాగు ఇప్పుడు గోడల మధ్య ఇరుక్కుని, ఇళ్ల వెనకనుంచి, సంతల పక్కనుంచి పాకుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారేది వాననీరు కాదు, సైడు కాలువలు తెచ్చి కలిపే వాడుకనీరు. వాన రాగానే రెండూ కలిసి పేరుకు తగ్గట్టే పీకలదాకా వచ్చేస్తాయి. వాగు కాస్తా డ్రైన్ అయింది, డ్రైన్ కాస్తా మురుగుకాలువ అయింది. పేరు మారాక దాన్ని కాపాడాలని ఎవరికీ అనిపించదు. చెత్త వేయడానికి మాత్రం చెయ్యి అడ్డురాదు.

గంటలో అయిదు కోట్ల లీటర్లు

అసలు వానకూ మురుగుకూ పోలికెంత? చిన్న లెక్క వేద్దాం. ఒక చదరపు కిలోమీటరు పేటలో గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. తుపాను అక్కర్లేదు, గట్టి వాన చాలు. ఆ ఒక్క గంటలో పేట మీద పడిన నీళ్లు 5 కోట్ల లీటర్లు. ఒకప్పుడు పెరళ్లూ గుంటలూ కొంత తాగేవి. ఇప్పుడు డాబా, గచ్చు, సిమెంటు రోడ్డు. సగమే కాలువలోకి వచ్చిందనుకున్నా రెండున్నర కోట్ల లీటర్లు.

అదే పేటలో పదివేల మంది ఉన్నారనుకుందాం. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ఇంజినీర్లు లెక్కేస్తారు. అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా బయటికొస్తాయి. పదివేల మందికి రోజంతా కలిపి 10 లక్షల 80 వేల లీటర్లు. మురుగు గొట్టాన్ని డిజైన్ చేసేది ఈ లెక్కతోనే. కాస్త అటూ ఇటూ సర్దుకునేలా వేస్తారు, అంతే. రోజు మొత్తం మురుగుకంటే గంట వాననీరు 23 రెట్లు. గంటకు గంట పోలిస్తే 550 రెట్లకు పైమాటే. మ్యాన్‌హోల్ మూతెత్తి వీధినీళ్లు వదలడమంటే గరాటాలో చెరువు పోయడమే.

మూత ఎత్తకపోయినా ఈ పని మనలో చాలామంది ఇంట్లో కూర్చునే చేస్తున్నాం. 120 గజాల డాబా మీద ఈ వాన పడితే 5,000 లీటర్లు, అంటే ఓ ట్యాంకర్ నీళ్లు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఆ నీళ్లు దిగే గొట్టాన్ని ఎక్కడ కలిపాడు? చాలా ఇళ్లలో పక్కనే ఉన్న డ్రైనేజీ చాంబర్లో. అక్కడైతే పైపు తక్కువ పడుతుంది, వాకిట్లో నీళ్లు పడవు. అలా వంద ఇళ్లు కలిపితే వంద ట్యాంకర్లు, గంటలో, మురుగు గొట్టంలోకి.

మురుగుకూ ఓ అలుగు

ప్రపంచంలో డ్రైనేజీలు రెండు రకాలు. ఒకటి కలగలుపు పద్ధతి. వానా మురుగూ ఒకే గొట్టంలో పోతాయి. రెండోది విడివిడి పద్ధతి. మురుగు భూమి కింద గొట్టంలో, వాననీరు పైన కాలువలో. లండన్, పారిస్, న్యూయార్క్ లాంటి పాత నగరాలది మొదటి దారి. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు బ్రిటిష్ పార్లమెంటే కూర్చోలేకపోయింది. అప్పుడు జోసెఫ్ బాజల్‌గెట్ అనే ఇంజినీరు లండన్ కింద పెద్ద పెద్ద ఇటుక సొరంగాలు కట్టించాడు. ఆ రోజుల్లో అదో అద్భుతం.

అయితే వాన ఎక్కువైతే? గొట్టం నిండి నీళ్లు ఇళ్లలోకి ఎదురు తన్నకుండా నది ఒడ్డున అక్కడక్కడా గోడ కట్టి దారి వదిలారు. మనకు తెలిసిన మాటలో చెప్పాలంటే అది చెరువుకు ఉండే అలుగే. మామూలు రోజుల్లో మురుగంతా శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన వస్తే అలుగు పారి మిగిలింది నేరుగా నదిలో పడుతుంది. చెరువు అలుగు పారితే ఊరు కొబ్బరికాయ కొడుతుంది. ఈ అలుగు పారితే దిగువ ఊరు మంచాన పడుతుంది.

మన దేశంలో నిబంధన ప్రకారం వేసేది విడివిడి పద్ధతే. కాగితం మీద వానకో దారి, మురుగుకో దారి. వీధిలో సంగతి వేరు. భూగర్భ డ్రైనేజీ లేని పేటల్లో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. దాన్నుంచి బయటికొచ్చే నీళ్లు ఇంకుడుగుంటలోకి పోవాలి. ఇంటి చుట్టూ జానెడు ఖాళీ లేకపోతే ఆ గుంటెక్కడ? పైపు సైడు కాలువలో పెడతారు. అప్పుడు వాననీటి కోసం కట్టిన కాలువ మురుగుకాలువ అవుతుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్నచోట మూతలెత్తి, డాబా గొట్టాలు కలిపి, మురుగు గొట్టాన్ని వానకాలువ చేస్తాం. లండన్ వాళ్లు ఎంచుకుని కట్టుకున్న కలగలుపును మనం ఎంచుకోకుండానే తెచ్చుకున్నాం. వాళ్లకు కనీసం అలుగు ఎక్కడుందో తెలుసు. మనకు వీధికో అలుగు, ఎప్పుడు ఏది పారుతుందో తెలియదు.

వాడపల్లి వంతెన మీద

హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి, మిర్యాలగూడ మీదుగా గుంటూరుకో ఒంగోలుకో వచ్చే బస్సు వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంది. ఇవతల పొందుగుల. చాలామంది అక్కడ నిద్రలోనో ఫోన్‌లోనో ఉంటారు. తలెత్తి చూస్తే మంచి చోటు. అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి, పుష్కరాలకు జనం మునిగే రేవులు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ సుమారు 240 కిలోమీటర్లు నడిచి కృష్ణలో కలిసేది అక్కడే. బస్సు కంటే ముందో వెనకో, హైదరాబాద్ వాడిన నీళ్లూ అదే చోటికి వస్తున్నాయన్నమాట.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ఊడ్చేశాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను పట్టడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా ఆ మార్పుల్లో భాగంగానే వచ్చింది. నాలుగైదు లక్షల జనాభాను మనసులో పెట్టుకుని వేసిన గొట్టాలవి. నగరం కోటి దాటింది. గొట్టాలు చాలని చోట మురుగు నాలాల్లోకి మళ్లింది. నాలాలంటే చెరువును చెరువుతో కలిపే వాననీటి కాలువలు. అక్కడా అదే కథ.

దీనికి అక్కడివాళ్లు చేసిన ఉపాయం... నాలా మూసీలో కలిసే చోట అడ్డుకట్ట వేసి, మామూలు రోజుల్లో పారే మురుగును పక్కకు మళ్లించి శుద్ధి కేంద్రానికి పంపడం. అంబర్‌పేట కేంద్రం ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్లను శుద్ధి చేయగలదు. ఎండ కాసినన్నాళ్లు ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. వాన పడగానే నాలా ఉరుకుతుంది, కట్ట మీంచి దూకుతుంది. అదిగో, మళ్లీ అలుగు! అందులోనూ తొలకరి వాన మరీ మోసం. నెలల తరబడి కాలువ అడుగున పేరుకున్న బురదను, చెత్తను, రోడ్ల మీది నూనెను ఒక్కసారిగా కడిగి తెస్తుంది. అందుకే తొలి వానలకు నగరం అంచున చెరువుల్లో చేపలు వెల్లకిలా తేలతాయి.

నగరంలో 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం రోజుకు 77 కోట్ల లీటర్ల దగ్గర ఉండగా, మరో 31 కేంద్రాలతో ఇంకో 126 కోట్ల లీటర్లను శుద్ధి చేసే పథకం చేపట్టారు. మంచి మాటే. కానీ కేంద్రం ఎంత పెద్దదైనా దాని దాకా రాని నీటిని అది కడగలేదు. వాన రోజు మురుగు దాని గుమ్మం తొక్కదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే మూసీ వచ్చి ఎంజీబీఎస్ బస్టాండులో నిలబడింది. గుంటూరు బస్సు కోసం వచ్చి ప్లాట్‌ఫాం ఎక్కిన వాళ్లు మళ్లీ దిగలేకపోయారు. ఆ నీళ్లు ఎక్కడివో, ఎక్కడెక్కడివి కలిశాయో విడదీయడం ఎవరి తరం?

మూసీ కలిశాక కృష్ణ పులిచింతలలో ఆగుతుంది. 45.77 టీఎంసీల కె.ఎల్.రావు సాగర్ అది. అక్కణ్నుంచి ప్రకాశం బ్యారేజీకి. బ్యారేజీ ఎగువన తోడిన నీళ్లు తక్కెళ్లపాడులో శుద్ధయి గుంటూరు కుళాయిల్లోకి వస్తాయి. భయపడమని చెప్పడం లేదు. దారి పొడవునా ఎండా గాలీ కృష్ణ నీళ్లూ కలిసి మూసీని చాలావరకు కడుగుతాయి, తక్కెళ్లపాడులో మళ్లీ వడకడతారు. ఒంగోలుకు వచ్చేది సాగర్ కుడికాలువ నీరు కాబట్టి అది మూసీకి ఎగువదే. విషయమేమిటంటే, ఎగువ ఊరి అలుగు కింద దిగువ ఊరి బిందె ఉంటుంది. హైదరాబాద్‌కు గుంటూరు దిగువ. గుంటూరుకూ దిగువ ఊళ్లున్నాయి.

నల్లరేగడి కింద గొట్టం

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. అది పత్తికీ మిర్చికీ అన్నం పెట్టే నల్లరేగడి. వేసవిలో చేలోకి వెళ్లి చూడండి, చేతికర్ర దూరేంత నెర్రెలు. వాన పడితే అదే నేల ఉబ్బి నెర్రె మూసుకుంటుంది. ఒకసారి తడిసి బిగుసుకున్నాక పై నీటిని లోపలికి దిగనివ్వదు. మిర్చి రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చేలో నీళ్లు ఒకటి రెండు రోజులు నిలిస్తే వేరు కుళ్లి మొక్క తలవాలుస్తుంది. అందుకే రైతు వాన వెలవకముందే పార భుజానేసుకుని గట్టు తెంపడానికి పరిగెడతాడు.

ఈ నేలలో పాతిన గొట్టం సంగతేమిటి? ఏటా ఎండకు నేల కుంగుతుంది, వానకు ఉబ్బుతుంది. పైన గోడ బీటలు వారితే కనిపిస్తుంది. కింద గొట్టం అతుకు విడిపోతే కనిపించదు. మురుగు గొట్టం, తాగునీటి గొట్టం ఒకే ఇరుకు వీధిలో పక్కపక్కనే ఉంటాయి. కొన్నిచోట్ల తాగునీటి గొట్టం సైడు కాలువ లోపలినుంచే పోతుంది. మన కుళాయి రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. నీళ్లు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది, లోపల పీడనం పడిపోతుంది. అప్పుడు విడిన అతుకులోంచి బయటి మురుగును గొట్టమే పీల్చుకుంటుంది. మోటారు పెట్టి లాగితే మరీను. తెల్లారి కుళాయి తిప్పగానే మొదట వచ్చేవి ఆ నీళ్లే.

2018 మార్చిలో పాత గుంటూరులో జరిగింది ఇదే. ఆనందపేట చుట్టుపక్కల వందలమంది వాంతులు, విరేచనాలతో ప్రభుత్వాసుపత్రిలో చేరారు. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. తాగునీటిలో మురుగు కలిసింది. అది వానాకాలం కూడా కాదు. నేల ఎండి ఉండగానే అంతపని జరిగిందంటే, వీధి నిండా మురుగు నిలిచే రోజుల్లో ఒక్కో విడిన అతుకు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

రాష్ట్ర విభజన తర్వాత విజయవాడ, గుంటూరు నగరాలకు కలిపి కేంద్రం 1,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. విజయవాడలో వాననీటి కాలువలకు, గుంటూరులో భూగర్భ డ్రైనేజీకి. గుంటూరు రోడ్లు తవ్వారు, కొన్నిచోట్ల గొట్టాలు వేశారు. పని పూర్తికాకుండా మధ్యలో ఆగింది. సగం వేసిన డ్రైనేజీ సగం మేలు చేస్తుందనుకుంటే పొరపాటు. చివర శుద్ధి కేంద్రం, మొదట్లో ఇంటి కనెక్షన్ లేని గొట్టం మట్టి చేరడానికే పనికొస్తుంది.

‘మురుగు’ మాటకు పాత అర్థం

డెల్టా రైతును ‘మురుగు నీళ్లు’ అంటే ఏమిటని అడగండి. ఆయన ముక్కు మూసుకోడు. వరిచేలో ఎక్కువైన నీళ్లు బయటికి పోయేది మురుగుకాలువ. కాలువ నీళ్లు అందని శివారు రైతు ఆయిలింజన్ పెట్టి ఆ మురుగు నీళ్లే తోడుకుని నాట్లు వేసేవాడు. మురుగు అంటే మిగులు అనే అర్థం. దాన్ని కుళ్లుగా మార్చింది పట్టణాలే.

చిలకలూరిపేట ప్రాంతపు కుప్పగంజి, ఓగేరు వాగులు కలిసి నల్లమడ అవుతాయి. అక్కణ్నుంచి బాపట్ల మీదుగా సముద్రానికి. పత్తి, మిర్చి పండే మెట్టపొలాల వాననీరంతా దిగి వచ్చేది ఈ దారినే. గట్టి వానలకు గట్లు తెగడం, వరి మునగడం దిగువవాళ్లకు అలవాటైన కష్టం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున దిగువ పొలాల మీదికి వచ్చేది మెట్ట నీరు మాత్రమే కాదు, దారిలోని ఊళ్లన్నిటి సైడు కాలువలు కూడా. రైతు పార పట్టుకుని దిగేది ఆ నీళ్లలోనే.

ఒంగోలుకు పోతురాజు కాలువ ఉంది. గ్రామదేవత తమ్ముడి పేరు పెట్టుకున్న కాలువ. ఆక్రమణలు, పూడిక, గుర్రపుడెక్క దాన్ని ఇరుకుచేశాయి. తుపాను వానలకు అది పొంగి పక్క కాలనీలు మునగడం ఆ ఊరివాళ్లకు కొత్త కాదు. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదటివారం బుడమేరు వాగు చూపించింది అందరికీ తెలుసు. కృష్ణకు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులవి. బుడమేరు గండ్లుపడి అజిత్‌సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలింది ఒండ్రు కాదు, నల్లటి కంపు బురద.

వాన వెలిశాక ఆ బురద ఎత్తేదెవరు? జామైన మ్యాన్‌హోల్‌లోకి దిగేదెవరు? మనుషులను దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. మురుగు గొట్టంలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోలారు గనుల ఊళ్లో పాకీ పనివాళ్ల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పనిని ఆపించడానికే జీవితం ధారపోశారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మనం వాన రోజు మూతెత్తి చెత్తతో సహా వదిలిన నీళ్లకు జామ్ అయ్యే గొట్టం ముందు, మర్నాడు నిలబడేది అలాంటి ఇళ్ల బిడ్డే.

డబ్బున్న దేశాల తంటాలు

ఇది పేద ఊళ్ల జబ్బు అనుకోవద్దు. అమెరికాలోని ఎడిసన్‌లో ఉన్న మన పిల్లల్ని అడిగితే, పక్కనున్న పెర్త్ అంబాయ్, ఇంకాస్త పైనున్న నూవర్క్, జెర్సీ సిటీల్లో ఇప్పటికీ పాత కలగలుపు డ్రైనేజీలే ఉన్నాయని చెబుతారు. గట్టి వాన పడితే అక్కడా మురుగు నీళ్లు నదిలోకి పోతాయి. తేడా ఏమిటంటే, ఆ గొట్టం నదిలో కలిసే చోట ‘ఇక్కడ వాన తర్వాత మురుగు పడుతుంది, దిగకండి’ అని బోర్డు ఉంటుంది. అమెరికా మొత్తంలో ఇలాంటి ఊళ్లు దాదాపు 700.

లండన్ తన పాత తప్పు దిద్దుకోవడానికి థేమ్స్ కింద 25 కిలోమీటర్ల పొడవున, 7.2 మీటర్ల వెడల్పుతో కొత్త సొరంగం తవ్వింది. నదిలోకి పోయే అలుగులను దానికి కలపడం 2025 ఫిబ్రవరికి పూర్తయింది. పారిస్‌ది ఇంకో కథ. 1923 నుంచి ఈత నిషేధమైన సెన్ నదిలో 2024 ఒలింపిక్స్ పోటీలు పెట్టాలని 140 కోట్ల యూరోలు ఖర్చుచేసింది. ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ దగ్గర భూమి కింద 5 కోట్ల లీటర్లు పట్టే తొట్టి కట్టింది. అయినా పోటీలకు ముందు వాన పడేసరికి నీళ్లు పాడై పురుషుల ట్రయథ్లాన్ ఒకరోజు వాయిదా పడింది.

ఆ తొట్టి ఎంత? 5 కోట్ల లీటర్లు. పైన మనం వేసిన లెక్క గుర్తుందా! మన ఊళ్లో ఒక్క చదరపు కిలోమీటరు మీద గంట సేపు పడే వాన అంతే. పారిస్ అన్ని కోట్లు పోసి కట్టుకున్న జాగా మనకు ఒకప్పుడు ఉచితంగా ఉండేది. దాన్ని గుంట అనేవాళ్లం, చెరువు అనేవాళ్లం.

చేయాల్సింది ఏమిటి?

సొరంగాలు తవ్వే స్తోమత మనకు లేదు, అవసరమూ అంతగా లేదు. మనది ఇంకా విడదీయగలిగే దశ. భూగర్భ డ్రైనేజీ పని మొదలుపెడితే చివరి ఇంటి కనెక్షన్ దాకా, శుద్ధి కేంద్రం దాకా పూర్తిచేయాలి. మిగిలిన గుంటల్ని, పీకలవాగును, పోతురాజు కాలువను హద్దురాళ్లు వేసి కాపాడాలి. నల్లరేగడిలో వేసే గొట్టాలకు నేల కదలికను తట్టుకునే అతుకులు పెట్టాలి, తాగునీటి గొట్టాన్ని మురుగుకు ఎడంగా, ఎత్తుగా జరపాలి. ఇవి ప్రభుత్వం పనులు. అడిగి చేయించుకోవలసింది మనం.

ఇంకో పని మరీ చిన్నది, మరీ ముఖ్యమైనది. వానాకాలానికి ముందు సైడు కాలువల్లో పూడిక తీస్తారు. తీసిన పూడికను కాలువ గట్టునే కుప్పపోసి వెళ్తారు. ఎండాక ఎత్తుతామంటారు. ఎండేలోపు వాన వస్తుంది, కుప్ప మళ్లీ కాలువలో పడుతుంది. ఏటా అదే బురదకు రెండుసార్లు కూలి. పూడిక తీసిన రోజే ట్రాక్టరు రావాలని వార్డు కార్యాలయంలో అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

ఇంటి దగ్గర...

వీధి మునిగినా మ్యాన్‌హోల్ మూత ఎత్తకండి. తప్పనిసరై సిబ్బంది తెరిస్తే పక్కన మనిషి, ఎర్రజెండా ఉండేలా చూడండి. నీళ్ల కింద తెరిచిన మూత మనుషుల్ని మింగుతుంది.

నీళ్లు నిలిచిన రోజు, ఆ తర్వాత కొన్నాళ్లు కుళాయి నీళ్లు కాచి తాగండి. కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు పట్టవద్దు. రంగు మారినా, వాసన వచ్చినా వెంటనే ఫిర్యాదు చేయండి.

కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించకండి. మీ మోటారు లాగేది మీ వాటా నీళ్లనే కాదు, వీధిలోని మురుగును కూడా.

సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తీయించండి. నిండిన ట్యాంకు ట్యాంకు కాదు, కాలువలోకి పోయే దారి మాత్రమే.

ఇక మిగిలింది ఒక్కటి. ఈ ఆదివారం కాఫీ తాగాక డాబా ఎక్కండి. వాన నీళ్లు దిగే గొట్టం పట్టుకుని మెట్లు దిగుతూ రండి. అది పెరట్లోకి, ఇంకుడుగుంటలోకి, లేదా వాననీటి కాలువలోకి పోతే సంతోషం. డ్రైనేజీ చాంబర్లోకి దూరి ఉంటే రేపు ప్లంబర్‌ను పిలిచి బయటికి తీయించండి. మురుగు గొట్టంలోకి పోయే ఓ ట్యాంకర్ నీళ్లు తగ్గుతాయి. రెండు వీధుల అవతల, పల్లంలో ఉన్న ఆ ఇంటావిడ మీకెవరో తెలియకపోవచ్చు. వాన పడిన రాత్రి ఆమె జాలీ మీద పొత్రం పెట్టే పని లేకుండా నిద్రపోతుంది.